అప్ప పాలు మరిపించిన రోజు

మొన్న పలాసలో మా మనవరాలికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నర్సు ఆ పిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి, ఇంకా మత్తు పూర్తిగా దిగని తల్లి పక్కన పడుకోబెట్టి, నోరు రొమ్ముకు పట్టించింది. నేను ఊరుకోలేక, "దాన్ని కాస్త తేరుకోనివ్వమ్మా, కుట్లు లాగుతాయి" అన్నాను.

ఆ నర్సు నా మనవరాలికంటే చిన్నదే. "ఆపరేషన్ అయితే పాలు రావడం కొంచెం లేటవుతాది మామ్మగారూ. అందుకే ఇంకా బేగి పట్టించాల. పిల్ల లాగితేనే కదా వచ్చేది" అంది. పక్కన నా కూతురు ఫ్లాస్కు మూత బిగిస్తూ, "మా అమ్మకి అన్నిటికీ భయమే" అని నవ్వింది.

నవ్వదూ మరి! నా భయానికి మూలకారణం ఆ కూతురే. ఇక అక్కడ ఉండలేక బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కళ్లు తిరిగాయేమోనని అల్లుడు సోడా పట్టుకొచ్చాడు. కళ్లు తిరగలేదు. అప్ప గుర్తొచ్చింది, అంతే.

అప్ప అంటే నా తోడబుట్టింది కాదు. మా ఆయనకు వదిన, నాకు తోటికోడలు. మా వైపు అక్కను అప్ప అంటాం కనుక కాపురానికొచ్చిన మొదటి రోజు నుంచీ నేనూ అప్పా అనే పిలిచాను. పేరు పెట్టి పిలిచినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. నేనూ ఇప్పుడు రాయబోవడం లేదు.

మాది ఉద్దానంలో, మందసకీ సముద్రానికీ మధ్యనున్న ఒక ఊరు. ఇసక నేల. ఎటు చూసినా కొబ్బరిచెట్లూ పనసచెట్లూ జీడితోటలూ. నేను టెక్కలిలో గుమాస్తాగారి కూతురిని, ఇసకలో నడవడం కూడా రాదు. అడుగు తీసి అడుగు వేస్తే చెప్పు వెనకే ఉండిపోయేది. అప్ప అది చూసి నడుం మీద చేతులు వేసుకుని, "ఏటే సెల్లీ, కాలెత్తితే సెప్పు నేదు, సెప్పెత్తితే కాలు నేదు! ఎలగ బతుకుతావే ఈ ఇసకలో?" అని వీధి వీధంతా వినపడేలా నవ్వింది. కొత్తకోడల్ని, ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే నా చెప్పులు చూరులో దోపేసి, తోటలోకి తీసుకెళ్లి, మడమ ముందు ఎలా ఆనించాలో చూపించింది.

మనిషి పొడుగు. గొంతు ఇంకా పొడుగు. అడ్డపొగ తాగేది. తెలియనివాళ్లకు చెబుతున్నాను, అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. మా జిల్లా ఆడవాళ్లు దాన్ని నాలుక కాలకుండా ఎలా తాగుతారో దేవుడికే తెలియాలి. అప్ప అలా చుట్ట లోపలికి పెట్టుకునే వంట చేసేది, గేదెను తిట్టేది, పిల్లాడికి పాలిచ్చేది. కుండ పగిలినా, కూర మాడినా, కొబ్బరికాయ ఎవడో కోసుకుపోయినా ఒకటే మాట: "ఒగ్గీయే, ఏటైపోతాది?" దేన్నైనా అలా వదిలెయ్యమంటే నాకు ఒళ్లు మండేది. మా పుట్టింట్లో గిన్నె సొట్టపడితే మూడు రోజులు పంచాయితీ జరిగేది.

ఆవిడకు నలుగురూ మగపిల్లలే. కానుపులంటే ఆవిడకు ఎంత చులకనో వింటే మీరు నమ్మరు. "పెద్దోడిని జీడిపిక్కలు ఏరతా ఏరతా కన్నాను. రెండోడప్పుడు పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నాది, దించడానికి మనిషి నేదు. ఆడు పుట్టినాక నానే కేకేసి దింపించినాను" అని చెప్పేది. పాలకు కూడా కొదవలేదు. ఊళ్లో ఏ బాలింతకు జ్వరమొచ్చినా, ఎవరికి పాలు తగ్గినా పిల్లను ఎత్తుకుని అప్ప దగ్గరకే వచ్చేవాళ్లు. తోటలో కాయలు దొంగిలించిన కుర్రవాణ్ణి పట్టుకుంటే, "నా పాలు తాగీసి నా కాయలే కోత్తావురా?" అని చెవి మెలిపెట్టేది. వాడు తాగాడో లేదో ఆవిడకే సరిగా గుర్తుండేది కాదు, కాని వాడు మాత్రం తలదించుకునేవాడు.

ఒక్క ఆడపిల్ల లేదన్నదే ఆవిడ కొరత. దాన్ని దాచుకునేదీ కాదు. మూడోవాడికి పుట్టువెంట్రుకలు తీసేదాకా జడ వేసి, పరికిణీ కట్టి, కాటుక పెట్టి తిప్పింది. రావివలసలో ఎండల మల్లన్నకు మొక్కుకుని వచ్చింది. నాలుగోసారి కూడా మగపిల్లాడే పుడితే, "ఆ సామికే నెత్తి మీద కప్పు నేదు, ఎండలో నిలబడి ఉన్నాడు. నా గోల ఎక్కడ ఇనిపిత్తాది?" అంది. అంటూనే ఆ నాలుగోవాణ్ణి ఎత్తుకుని ముద్దులాడింది. "ఈడే ఆకరోడు. పలక పట్టీదాకా పాలు మానిపించను. ఎవులేటన్నా సరే" అని మా అత్తకు ముందే చెప్పేసింది.

ఆ ఆఖరివాడు తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో నాకు నొప్పులు మొదలయ్యాయి.

అవి ఎన్నాళ్లు పట్టాయో నన్నడగకండి. పుట్టింటివాళ్లు వచ్చారు, మంత్రసాని చేయగలిగిందంతా చేసి చేతులెత్తేసింది. పిల్ల అడ్డం తిరిగిందన్నారు. బండిలో గడ్డి పరిచి, నన్ను పడుకోబెట్టి పలాస చేర్చి, రైలెక్కించి వాల్తేరు తీసుకెళ్లారు. మా అత్త ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకోవాలి. మా అమ్మకు స్పృహ తప్పినంత పనైంది. కనుక నాతో వచ్చింది అప్ప, ఆవిడ చంకలో ఆ చంటివాడు. ఆవిడ రైలెక్కడం అదే మొదలు. నేను నొప్పులతో అరుస్తూనే, కిటికీ దగ్గర ఆవిడ, "ఓలమ్మ, సెట్లు ఎనక్కి ఎలిపోతన్నాయే!" అనడం విన్నాను. అంత బాధలోనూ నవ్వొచ్చింది.

పెద్దాసుపత్రిలో మత్తు ఇచ్చి పొట్ట కోసి నా కూతుర్ని తీశారు. నాకు మెలకువ వచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోయి ఉంది. పొట్ట చుట్టూ గుడ్డ. పక్కకు తిరగలేను, లేవలేను. ఆ పైన గోరుచుట్టు మీద రోకటిపోటులా జ్వరం. జ్వరం తగ్గేదాకా పిల్లను నా దగ్గరకు తేవద్దన్నారు. చక్కెర నీళ్లలో దూది ముంచి నోట్లో పిండుతుంటే నా కూతురు గుక్కపట్టి ఏడుస్తోందట. వరండాలో కూర్చున్న అప్ప రెండు పూటలు ఓర్చుకుంది. మూడో పూట లోపలికి వెళ్లి పిల్లను తీసుకుని తన రొమ్ముకు పెట్టుకుంది. ఆ సమయంలో ఆవిడ నోట్లో అడ్డపొగ ఉంది.

నర్సమ్మ చూసి కెవ్వుమంది. "ఎవరమ్మా నువ్వు? ముక్కులోంచి ఆ పొగేటి? లోపల నిప్పుందా?"

"నిప్పు నా నోట్లో ఉన్నాది తల్లీ, పాలల్లో నేదు" అంది అప్ప. చుట్ట పారేయించారు గాని, పిల్లను మాత్రం ఆవిడ దగ్గరే ఉంచారు. ఆకలి తీరిన పిల్ల నిద్రపోతే ఎవరికి మాత్రం మంచిది కాదు?

జ్వరం తగ్గాక నాకు కూడా పాలు పడ్డాయి. చిక్కగా, పసుపుపచ్చగా కాసిని వచ్చాయి. అవి ముర్రుపాలు, పిల్లకు పడవు, పిండి పారబొయ్యాలన్నారు తరవాతి రైల్లో వచ్చిన మా అమ్మా, అప్పా కూడా. ఆవు ఈనితే ఆ పాలతోనే జున్ను వండుకుని ఇంటిల్లిపాదీ ఎగబడి తింటాం. మనిషి పాల దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయేదో! అప్ప స్వయంగా గిన్నెలోకి పిండి, కాలవలో పోసి వచ్చింది. ఈ విషయంలో ఆవిడా అందరిలాంటిదే. నలుగురు పిల్లలకీ మొదటి మూడు రోజులూ ఆముదం, బెల్లపు నీళ్లే పోసింది.

ఇంటికి వచ్చేసరికి నా కూతురికి అప్ప వాసన అలవాటైపోయింది. నేను దగ్గరకు తీసుకుంటే వీపు విల్లులా వంచి, ముఖం పక్కకు తిప్పి, ఒకటే ఏడుపు. కుట్ల నొప్పి మీద సరిగా ఎత్తుకోవడం కూడా నాకు చేతనయ్యేది కాదు. అప్ప చేతిలోకి వెళ్లిన మరుక్షణం గుటకలు వినపడేవి. ఆవిడ ఒడిలో ఒక పక్క తన కొడుకు, ఇంకో పక్క నా కూతురు. "సూడే, మీయమ్మ గుడ్లు మిటకరించుకుని ఎలగ సూత్తన్నాదో! నువ్వు నా గుంటవే. నీకు పరికిణీ నాను కుట్టిత్తాను" అని దాంతో కబుర్లు. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం నా పిల్లవే అన్న ఆ మాటకు గుండెలో ముల్లు దిగేది. కోసి తీసిన నొప్పి ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు తలో మాట అనేవాళ్లు. మా చుట్టుపక్కల ఊళ్లలో పొట్ట కోసి పిల్లను తీయడం ఎవరూ ఎరగరు. నన్ను తీర్థంలో వింతను చూసినట్టు చూసేవాళ్లు. "కోత కానుపుకి పాలు పడవంట. దారిన రాని బిడ్డకి తల్లి పాల దారి తెలీదు" అంది ఒకావిడ. "వచ్చినా అవి నీళ్లే. పాలు కాదు" అంది మరొకావిడ. మా అత్త ఆ మాటలన్నీ పట్టుకుంది. మా ఆయన ఉద్యోగం పలాసలో. నేను అక్కడికి వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతోంది. ఒక పొద్దున్న అందరి ముందూ తీర్పు చెప్పేసింది.

"గుంటని తీసుకెళ్లి పలాసలో ఏటి పోత్తావు? డబ్బా పాలా? ఇక్కడే ఒగ్గీ. పెద్దకోడలు పెంచుతాది. దానికా ఆడపిల్ల నేదు. నీకు ఈడుంది, ఇంకా పుడతారు."

మా ఆయన నేల చూపులు చూశారు. మా బావగారు తలూపారు. నేను అప్ప ముఖం చూశాను. ఆ ముఖంలో వెలుగు కనిపించింది. దాచుకుందామనుకుంది గాని దాగలేదు.  ఇక నా పిల్ల నాది కాదు అనుకున్నాను. పొయ్యి వెనక కూర్చుని ఏడ్చాను. ఎవరికీ చెప్పుకునేది కాదు ఆ ఏడుపు. పాలిచ్చి బతికించిన మనిషి మీద నేరం మోపడం ఎలా?

నాకు నీళ్లు పోసేది కూడా అప్పే. పసుపు, నూనె రాసి, వాయిలాకు వేసి కాచిన నీళ్లు నడుం మీద గుమ్మరించేది. తీర్పు చెప్పిన మర్నాడో, ఆ మర్నాడో నీళ్లు పోస్తూ ఉంటే బయట ఉయ్యాల్లో నా కూతురు లేచి ఏడ్చింది. వేన్నీళ్ల వేడికో, ఆ ఏడుపుకో గాని, నా రొమ్ముల్లోంచి పాలు చిమ్మాయి. నేను పట్టించుకోలేదు. అవి నీళ్లేనని అందరూ అన్నారుగా. అప్ప చెంబు ఆపేసింది. వేలితో ఒక చుక్క తీసి తన బొటనవేలి గోటి మీద పెట్టి, చెయ్యి వంచి చూసింది. నీళ్లయితే జారిపోవాలి. చుక్క జారలేదు. మళ్లీ ఇంకో చుక్క పెట్టి చూసింది. అదీ జారలేదు.

బోర్లించిన కుండ మీద చతికిలబడి ఆ గోటినే చూసుకుంటూ ఉండిపోయింది.  ఆ తడకల చాటున మేమిద్దరమే ఉన్నాం. ఆ చుక్క సంగతి ఆవిడ చెప్పకపోతే నాకు తెలియదు, మా అత్తకు తెలియదు, ఎవరికీ తెలియదు. నా కూతురు ఆవిడ ఇంట్లోనే పెరిగేది.

"సెల్లీ" అంది చివరికి. "కత్తి నీ పొట్ట మీద పడ్డాది గాని, ఇక్కడ పడనేదు కదే. ఎదవ మాటలు ఇని ఎదవలమైపోయినాము."

ఆ మధ్యాహ్నం మగవాళ్లు కొబ్బరి దింపుకు వెళ్లారు. అప్ప వేపాకు దూసి తెచ్చి సన్నికల్లు మీద మెత్తగా నూరింది. మా ఊళ్లో పెద్దపిల్లలకు పాలు మరిపించాలంటే చేసే పని అది. చేదుకు పిల్లలు రొమ్ము వదిలేస్తారు. చంటివాడికి మరిపిస్తుందేమో అనుకున్నాను. పలక పట్టేదాకా అంది కదా, ఇంత తొందరేమిటని కూడా అనుకున్నాను. ఆవిడ ఆ ముద్దను రెండు వైపులా పట్టించుకుని, ఆకలితో ఏడుస్తున్న నా కూతుర్ని ఎత్తుకుని పాలకు పెట్టుకుంది. పిల్ల నోరు పెట్టింది. తుపుక్కున వదిలేసింది. మళ్లీ పెట్టింది. దాని ముఖమంతా ముడుచుకుపోయింది. అప్ప మీద నమ్మకంతో మూడోసారి కూడా పెట్టి చూసింది పాపం. ఆపైన అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా అత్త పరుగున వచ్చింది. "పిల్లని సంపేత్తావేటే?"

"సావదు. నువ్వు తప్పుకో అత్తా" అంది అప్ప. అత్తను పక్కకు తప్పుకోమనడం ఆవిడ కాపురంలో అదే మొదటిసారి అయి ఉంటుంది. పిల్లను తెచ్చి నా ఒళ్లో వేసి, దాని తల కింద నా మోచెయ్యి సర్దింది. కుట్ల మీద బరువు పడకుండా పక్కన దిండు పెట్టింది. "ఒంగకు. గుంటనే నీ మీదికి తెచ్చుకో" అంది.

అప్పుడే చంటివాడు తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, అలవాటుగా తల్లి పమిట లాగి నోరు పెట్టాడు. వాడూ ఉమ్మేశాడు. తల్లి ముఖంలోకి చూసి, రొమ్ము మీద చేత్తో కొట్టాడు. అప్ప వాణ్ణి చంకనేసుకుంది.

"అప్పా, మరి వీడు?" అన్నాను.

"ఈడికి పళ్లొచ్చీసినాయి. అంబలి తాగతాడు, అన్నం నములుతాడు. దానికి పళ్లున్నాయేటి?" అని తోటలోకి వెళ్లిపోయింది. తన వాసన దగ్గరుంటే పిల్ల నా దగ్గర తాగదని వెళ్లిందన్న సంగతి తరవాత తెలిసింది.

ఒక్క పూటలో అయిపోయిన పని కాదు. ఆ రోజు నా కూతురు కాసిని చప్పరించి, అలిసి నిద్రపోయింది. గోరువెచ్చని ఆవుపాలు ఉగ్గుగిన్నెతో పట్టి ఆకలి కాచాం. అప్ప రోజూ వేపాకు నూరుతూనే ఉంది. పిల్ల లాగేకొద్దీ నాకు పాలు పెరిగాయి. ఒక ఉదయం దాని గుటకల చప్పుడు నా ఒళ్లోంచే వినపడింది. సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చాను. మా అత్త చూసి, "సరే, తీసుకెళ్లు" అంది. అంత పెద్ద తీర్పూ ఆ ఒక్క ముక్కతో కొట్టుకుపోయింది.

చంటివాడు మళ్లీ పాలు ముట్టలేదు. కొన్నాళ్లు పమిట లాగి, వాసన చూసి, ముఖం తిప్పుకునేవాడు. తరవాత లాగడం కూడా మానేశాడు.

పలాసకు బండి కట్టిన రోజున ఊరంతా పిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. అప్ప మాత్రం దడి దగ్గర నిలబడి ఉంది. "ఒక్కసారి ఎత్తుకో అప్పా" అని పిల్లను చాపాను. చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "ఎత్తుకోను. మళ్లీ నా వాసన పట్టీసిందంటే దార్లో నీకు కట్టం. ఎక్కవే, పొద్దెక్కిపోతాది" అని కసిరింది. బండి కదిలిన కుదుపుకు నా కూతురు లేచి ఏడ్చింది. గభాలున ఒళ్లోకి తీసుకుని పాలకు పెట్టుకున్నాను. వెంటనే తాగడం మొదలుపెట్టింది.

తలెత్తి చూస్తే అప్ప ఇంకా దడి దగ్గరే ఉంది. ఆవిడ రవిక ముందంతా తడిసిపోయి ఉంది. చంకలో కొడుకు కొబ్బరిముక్క నములుతూ బండి వైపు చూస్తున్నాడు. ఆవిడ పమిట ముందుకు లాక్కుని కప్పుకుంది. ఆ పాలు తాగేవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.